కౌంటర్‌లో ఎవరు, గోదాములో ఎవరు? గుణం చూసి పని ఇవ్వడం గురించి సలహా కావాలి

ఉద్దెర_ఖాతా (నర్సంపేట)

అందరికీ నమస్తే. నాన్న కాలం నుంచి ఉన్న విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్నా. నేను కాక ముగ్గురు పనిచేస్తారు. తలనొప్పి ఇద్దరి గురించే.

ఒకాయన నలభై దాటినవాడు. కౌంటర్ మనిషి, కానీ మాట తక్కువ. రైతు కవర్లోంచి మిర్చి కొమ్మ తీసి బల్ల మీద పెడితే టక్కున మందు పేరు చెప్పడు. పువ్వు తెంపుతాడు, పాత బిల్లు కాగితం తిరగేసి తెల్లటి వైపు మీద దాన్ని రెండు దెబ్బలు కొడతాడు. నల్లగా సన్నటివి రాలి పాకడం మొదలుపెడితే "తామర పురుగు" అంటాడు. రాలకపోతే నీళ్లెప్పుడు పెట్టావు, ఇంతకుముందు ఏం కొట్టావు అని అడుగుతాడు. 2021-22లో నల్ల తామర మన వైపు మిర్చిని ఊడ్చేసినప్పుడు రైతులు మా షాపుకు వచ్చింది నా మొహం చూసి కాదు, ఈయన కోసమే.

కానీ జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు పత్తి గింజలకు జనం మీద పడితే ఈయన మనిషే మారిపోతాడు. చెమటలు పడతాయి, బిల్లులో ఒకటికి రెండు రాస్తాడు, టీ తాగొస్తానని వెళ్లి ఎంతకీ రాడు. 2025 వానాకాలంలో యూరియా కోసం రైతులు లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డ రోజులు గుర్తున్నాయి కదా, అప్పుడైతే రెండు రోజులు జ్వరమని రానేలేదు.

రెండోవాడు పాతికేళ్ల పిల్లగాడు, గోదాము చూస్తాడు. మహా మాటకారి. హమాలీలు వీడు పిలిస్తే ఒక్క టీకే లారీ దించుతారు. స్టాకు రిజిస్టర్ మాత్రం దేవుడికే తెలియాలి. బ్యాచ్ నంబర్లు రాయడు, కొత్త డబ్బాలు ముందు పెట్టి పాతవి వెనక్కి నెడతాడు, గడువు దాటాక చూస్తే వెనక వరుసలో సరుకు మిగిలిపోయి ఉంటుంది.

మా బావమరిది ఒక ట్రైనర్‌ను పరిచయం చేశాడు. నాలుగు రంగుల టెస్టు పెడతాడట. ఎవరు ఎరుపు, ఎవరు పసుపు, ఎవరు పచ్చ, ఎవరు నీలం అని తేల్చి ఏ పనికి ఎవరో చార్టు వేసిస్తాడట. తలకింత అని ఫీజు. పెట్టించమంటారా? లేక ఇద్దరినీ అటు ఇటు మార్చేస్తే సరిపోతుందా?


తులారాశి_తమ్ముడు (కరీంనగర్)

రాశి చూసి ఇవ్వండన్నా, ఫీజు తక్కువ 😀


హెచ్చార్_అన్న (హన్మకొండ)

పై తమ్ముడు నవ్వులాటకు అన్నా, మాట నిజానికి దగ్గరగానే ఉంది. ఆ డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి.

మనుషుల్ని నాలుగు రకాలుగా విడదీయడం కొత్తదేం కాదు. గ్రీకు వైద్యం రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అంది. మన ఆయుర్వేదం మూడింటితో ఆగింది. ఈ రంగుల టెస్టుల్లో చాలావాటికి మూలం 1928లో మార్‌స్టన్ అనే అమెరికన్ సైకాలజిస్టు రాసిన నాలుగు తీరుల సిద్ధాంతం. ఆయన రాసింది సిద్ధాంతమే, టెస్టు కాదు. టెస్టులు తర్వాత వేరేవాళ్లు అల్లుకున్నవి. అన్నట్టు వండర్ వుమన్ బొమ్మల కథ పుట్టించింది కూడా ఆయనే. రెంటిలో ఏది ఎక్కువ కల్పితమో నేను చెప్పను.

ఇంకోటి పదహారు రకాల టెస్టు, ఎంబీటీఐ. యూంగ్ అనే స్విస్ మనోవైద్యుడు 1921లో రాసినదాన్ని పట్టుకుని బ్రిగ్స్ అనే తల్లి, మైయర్స్ అనే కూతురు తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కాదు. కొన్ని వారాల తర్వాత అదే మనిషి మళ్లీ రాస్తే వేరే రకం రావడం మామూలే. ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికి దీన్ని వాడొద్దని దాన్ని అమ్మేవాళ్లే చెబుతారు. అయినా కంపెనీల్లో వాడతారు, నేనూ చూశాను.

అలాగని గుణం అబద్ధమని కాదు. పరిశోధకులు ఎక్కువమంది ఒప్పుకునేది ఐదు లక్షణాల లెక్క: కొత్తదనం మీద ఆసక్తి, పని పద్ధతిగా పూర్తిచేసే బుద్ధి, నలుగురిలో కలిసే తత్వం, సర్దుకుపోవడం, ఆందోళన. ఇందులో ఎవరూ ఒక పెట్టెలో పడరు, ఒక్కోటి ఒక్కొక్కరిలో ఎక్కువ తక్కువగా ఉంటుంది. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు వందకు పైగా కలిపి చూశారు. ఏ ఉద్యోగంలోనైనా అంతో ఇంతో పనికొచ్చేదిగా తేలింది ఆ రెండోది, పద్ధతి. నలుగురిలో కలిసే తత్వం అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో ఉపయోగపడింది.

అదీ ఒక హద్దు వరకే. 2013లో ఆడమ్ గ్రాంట్ ఫోన్ మీద అమ్మేవాళ్లను పరిశీలిస్తే ఎక్కువ అమ్మింది వసపిట్టలూ కాదు, మూగమొద్దులూ కాదు, మధ్యరకంవాళ్లు. వాగేవాడు ఎదుటివాడి మాట వినడు కదా. మీ పిల్లగాడిని కౌంటర్‌కు తెచ్చే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

టెస్టు కావాలంటే పనే పెద్ద టెస్టు. ఏప్రిల్‌లో, రద్దీ లేనప్పుడు, ఇద్దరినీ ఒక వారం ఒకరి పనిలో ఒకరిని పెట్టి చూడండి.


బొగ్గుబావి_కాక (భూపాలపల్లి)

సింగరేణి బొగ్గుబావిలో కూలీల భద్రత చూసే సర్దారుగా, తర్వాత ఆ పైన ఓవర్‌మెన్‌గా చేసి దిగిపోయినవాణ్ని. ఈ పుస్తకాల మాటలు నాకు తెలియవు గానీ గుణం సంగతి మా దగ్గర ప్రాణంతో ముడిపడింది.

బావిలో షిఫ్టు మొదలవగానే సర్దారు చేసే పని రూఫ్ కొట్టి చూడటం. ఇనుప రాడ్డుతో పైకప్పు మీద కొడితే గట్టి రాయి 'ఠంగ్' మంటుంది. లోపల పొర వీడితే డొల్ల మోత వస్తుంది. మోత తేడాగా ఉంటే ఎవరినీ కిందికి రానివ్వకూడదు, వీడిన రాయి రాల్చాలి, సపోర్టు పెట్టించాలి. అప్పుడు దీపం కూడా ఉండేది. వత్తి తగ్గిస్తే మంట మీద లేత నీలం టోపీలా కనబడితే గ్యాసు ఉన్నట్టు. ఇప్పుడు మీటర్లు వచ్చాయి.

దీనికి ఎలాంటి మనిషి కావాలి? ధైర్యవంతుడు అంటారు అందరూ. కాదు. నిన్న బాగుంది కాబట్టి ఇవాళ కూడా బాగుంటుంది అనుకోనివాడు కావాలి. అవతల మేనేజరు టన్నుల లెక్క అడుగుతుంటే, వెనక నుంచి కూలీలు "ఏంది సర్దారూ, ఇంకెంతసేపు" అని గొణుగుతుంటే, మళ్లీ ఒకసారి కొట్టి చూసేవాడు. ఊళ్లో అలాంటివాణ్ని పిరికి, చాదస్తం అంటారు. మా బావిలో వాడి షిఫ్టు అంటే ఇంటివాళ్లు నిశ్చింతగా ఉండేవారు.

మీ నలభయ్యేళ్ల మనిషి పువ్వు కాగితం మీద కొట్టి చూస్తాడని రాశావు చూడు, అక్కడే నాకు నచ్చాడు. ఆయన్ని గోదాములో పడేస్తే గోదాము బాగుపడుతుంది, షాపు పోతుంది.


కాజీపేట_లోకో

కాక చెప్పింది నూటికి నూరు పాళ్లు. మా రైల్వేలో దీనికి పరీక్షే ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్షలు పాసైతే చాలదు, కంప్యూటర్ మీద ఇంకో పరీక్ష రాయాలి. జ్ఞాపకం, ఏకాగ్రత, దూరం అంచనా, చెప్పింది చెప్పినట్టు చేయడం, చూడగానే తేడా పట్టడం. ఒక్కో విభాగంలో 42 స్కోరు రావాలి. ఒకదాంట్లో బాగా వచ్చి ఇంకోదాంట్లో తగ్గినా ఔట్. సగటు చూడరు.

అందులో నీది ఏ రంగు అని అడగరు. నువ్వు కలుపుగోలు మనిషివా అనీ అడగరు. ఈ పనికి కావాల్సింది చేయగలవా లేదా, అంతే.

ఇంకోటి చెప్పాలి. ఎంత ఏకాగ్రత ఉన్నవాణ్ని ఎంచుకున్నా, తెల్లవారుజామున మూడింటికి మనిషి మనిషే. అందుకే ఇంజిన్‌లో ఒక పరికరం పెట్టారు. నిమిషంపాటు డ్రైవరు దేన్నీ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ కదలిక లేకపోతే బ్రేకులు పడతాయి. ప్రతి సిగ్నల్ రంగునూ ఇద్దరం పైకి చెప్పుకోవాలి. అంటే మంచి మనిషిని ఎంచుకున్నాక కూడా వాడి గుణం మీదే భారం వేసి కూర్చోలేదు.

మీ గోదాముకూ అలాంటిదొకటి ఉంటే పిల్లగాడి గుణం సగం అడ్డు రాదు. పాత బ్యాచ్ వెనక్కి పోయే వీలు లేకుండా ర్యాక్‌ను గోడ నుంచి జరిపి రెండు వైపులా ఖాళీ ఉంచండి. వెనక నుంచి పెట్టాలి, ముందు నుంచి తీయాలి.


వేములవాడ_వాసి

మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ఎవరి స్వధర్మం వాళ్లకు మేలని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నేతపని వాళ్ల పిల్లలకు మగ్గం పట్టుకోగానే చెయ్యి తిరుగుతుంది, వ్యాపారం చేసేవాళ్ల పిల్లలకు లెక్క పుట్టుకతోనే వస్తుంది. టెస్టులెందుకు?


బీడీకట్ట_బిడ్డ (జగిత్యాల)

ఇదిగో, ఈ మాట వస్తుందనే చూస్తున్నా.

మగ్గం కింద ఆడుకుంటూ, కండెలు చుట్టిస్తూ పెరిగిన పిల్లకు పదేళ్లకే చెయ్యి తిరగదా? అది పుట్టుకా, పదేళ్ల జీతం లేని శిక్షణా? 1936లోనే అంబేద్కర్ తేల్చి చెప్పారు: కులం అంటే పనిని విభజించడమే కాదు, పనిచేసేవాళ్లను విభజించడం, అది మనుషుల సహజ సామర్థ్యాన్ని బట్టి చేసింది కానే కాదు అని. ఎవరి బతుకుతెరువు వాళ్లు ఎంచుకునే శక్తి వచ్చేదాకా మనిషిని ఎదగనివ్వాలన్నారు. గుణం పేరు చెప్పి పని అంటగట్టేవాళ్లకు దీనికి మించిన జవాబు నాకు దొరకలేదు.

మా అమ్మ బీడీలు చేసింది. తునికాకు నానబెట్టాలి, రేకు పెట్టి కత్తెరతో కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. వెయ్యికి ఇంత అని కూలి. ఏదైనా తేడా ఉంటే తీసి పక్కన పడేస్తారు, దానికి పైసా లేదు. "ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ, వేళ్లు సన్నవి, ఈ పని వాళ్లకే కుదురుతుంది" అనేవారు. వేళ్లు సన్నగా ఉండటం వల్ల కాదు, ఇల్లు వదలకుండా, పిల్లల్ని చూసుకుంటూ, తక్కువ కూలికి చేస్తారు కాబట్టి ఇచ్చారు. అంత ఓపికా, అంత నైపుణ్యమూ ఉంటే కూలి ఎక్కువ ఉండాలి కదా?

బొగ్గుబావుల్లో భూగర్భంలోకి ఆడవాళ్లను దిగనివ్వొద్దని 1952 చట్టం. 2019లో గానీ టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకు పగటిపూట దిగొచ్చని అనుమతి రాలేదు. ఆ మధ్య అరవై ఏడేళ్లు ఆడవాళ్ల గుణం ఏమైనా మారిందా?

ఉద్దెర_ఖాతా అన్నా, మీ మీద కోపం కాదు. ఒక్కటి అడుగుతా. ఇంత చర్చ జరిగింది. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి "నీకేం ఇబ్బంది?" అని ఎవరైనా అడిగారా?


బొగ్గుబావి_కాక

బిడ్డా, చట్టం మాట నిజమే. మా కాలంలో ఆడవాళ్లు బావి పైనే పనిచేసేవారు. దిగితే మాకంటే బాగా రూఫ్ కొట్టేవాళ్లేమో. ఇంట్లో గోడ కొట్టి ఎక్కడ డొల్లగా ఉందో చెప్పేది మా ఆవిడే.


ఎనుమాముల_పాట (వరంగల్)

అడ్తి వ్యాపారంలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. మార్కెట్లో జెండా పాట చూశారా ఎప్పుడైనా? మిర్చి సీజన్‌లో పొద్దున్నే మంచి లాట్ ఒకటి చూసుకుని ఖరీదుదారులంతా దాని చుట్టూ చేరతారు. ధర పైకి పోతుంటుంది, కేకలు, తోపులాట. అక్కడ నిలబడి బేరం లాగడం ఒక గుణం. అదే లాట్‌లో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, తొడిమ విరిచి, తేమ ఎంతుందో చేత్తో చెప్పడం ఇంకో గుణం. ఇద్దరూ ఒకడే అయ్యుండటం అరుదు. మా దగ్గర తేమ చూసేవాడు పాటలో నోరు తెరవడు. నాకు చెవిలో ఒక మాట చెబుతాడు, అరిచేది నేను.

జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. గోదాముకు మారుస్తానంటే ఆయనకు అది "కౌంటర్ నుంచి తీసేశారు" అన్నట్టే వినబడుతుంది. ఊళ్లో అందరూ చూస్తుంటారు. పని మార్చండి, కుర్చీ మాత్రం తగ్గనివ్వకండి.


నైట్‌డ్యూటీ_అక్క (వరంగల్)

స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. మా దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయి క్యాజువాలిటీలో చేతులు వణికించిందని "ఈమె దీనికి పనికిరాదు" అన్నారు. నెలలు తక్కువ పిల్లల వార్డుకు మార్చారు. ఆ గుప్పెడు ప్రాణాలకు సూది ఎక్కించడం చూస్తే చేతులు వణుకుతాయని ఎవరూ నమ్మరు. క్యాజువాలిటీలో ఆమెను వణికించింది రక్తం కాదు, మంచం చుట్టూ చేరి అరిచే బంధువులు.

అందుకే అంటున్నా, పని మొత్తాన్ని ఒక ముద్దలా చూడకండి. కౌంటర్ అంటే అరడజను పనులు. అందులో ఏది ఆయన్ని తినేస్తోంది?


ఉద్దెర_ఖాతా

మొత్తం చదివా. బీడీకట్ట_బిడ్డ అడిగినదానికి నిజంగా జవాబు లేకపోయింది. నిన్న షాపు మూశాక ఆయన్ని అడిగా.

చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత చెప్పింది వింటే నా లెక్కలన్నీ తారుమారయ్యాయి. రద్దీ అంటే భయం లేదట. గింజల రోజున వచ్చేవాళ్లలో సగంమంది ఆయన ఊరివాళ్లు. చిన్నాయన, మేనమామ, ఇంటిపక్కవాళ్లు. అందరూ ఉద్దెర అడుగుతారు. పాత బాకీ ఉన్నవాళ్లకు కొత్తది రాయొద్దని నేనే గట్టిగా చెప్పి ఉంచా. మామకు లేదని అందరి ముందు చెప్పలేడు, రాస్తే నేను అంటాను. అందుకే టీకి పోతాడు. యూరియా రోజుల్లో కూడా అంతే. "మనోడు లోపల ఉన్నాడు, రెండు బస్తాలు పక్కకు పెడతాడు" అనుకుంటూ తెల్లారేసరికి ఊరు ఊరంతా ఇంటికొచ్చిందట. జ్వరం అందుకే.

నేను పన్నెండేళ్లుగా ఆయన్ని బిడియస్తుడు అనుకుంటున్నా.


హెచ్చార్_అన్న

ఏ టెస్టులోనూ తేలని సంగతి ఇది. రంగుల చార్టులో ఆయనకు ఏ పచ్చో నీలమో వచ్చేది, "ఒత్తిడి తట్టుకోలేడు, వెనక పనికి మార్చండి" అని రాసిచ్చేవాడు. మీరు మార్చేవారు.


కాజీపేట_లోకో

అయితే బోర్డు పెట్టండి. "ఉద్దెర విషయం యజమానితో మాత్రమే." ఆయన వేలు పెట్టి బోర్డు చూపిస్తే చాలు, నోరు తెరిచి మామను కాదనాల్సిన పనిలేదు.


వేములవాడ_వాసి

బోర్డు చూసి ఆగే మేనమామలు మా వైపు లేరు.


ఎనుమాముల_పాట

బోర్డు ఒక్కటే చాలదు, ఉద్దెర పుస్తకమే కౌంటర్ మీద ఉండొద్దు. మీ గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసుకోండి. పుస్తకం లేనిదే రాసేదెలా? వసూళ్లకు మాత్రం ఆయన్నే పంపండి. పత్తి అమ్మాక, మిర్చి అమ్మాక, వాళ్ల ఇంటి గడపలో కూర్చుని మెల్లగా అడిగేవాడికి వచ్చినంత, గొంతు పెంచేవాడికి రాదు.


ఉద్దెర_ఖాతా

వసూళ్ల మాట ఆలోచించలేదు. బంధువుల దగ్గర మళ్లీ అదే ఇబ్బంది వస్తుందేమో, ఆయన్నే అడుగుతా. ప్రస్తుతానికి అనుకున్నది ఇది. కిటికీ పక్కన ఒక బల్ల, భూతద్దం, తెల్ల కాగితాలు. ఆకు, పువ్వు పట్టుకొచ్చినవాళ్లంతా ముందు ఆయన దగ్గరికే. చీటీ రాసిస్తాడు, కౌంటర్‌లో దాని ప్రకారం ఇవ్వాలి. సీజన్‌లో కౌంటర్ మీద పిల్లగాడు. ఆధార్, వేలిముద్ర, ఎరువుల మెషిన్ వాడికి బాగా వచ్చు.


హెచ్చార్_అన్న

చీటీలో లేని డబ్బా ఒక్కటి కూడా పిల్లగాడు అంటగట్టకూడదని ముందే చెప్పండి. మాటకారులకు అదొక జబ్బు. రైతుకు ఒక మందు సరిపోయేచోట మూడు కొనిపిస్తారు, ఆ రోజు గల్లా చూసి మీకూ ముచ్చటేస్తుంది.


నైట్‌డ్యూటీ_అక్క

మరి గోదాము రిజిస్టర్ ఎవరు చూస్తారు?


ఉద్దెర_ఖాతా

ర్యాక్‌లు లోకో అన్న చెప్పినట్టు జరిపించా. రిజిస్టర్ మా ఆవిడ చూస్తానంటోంది. బీకాం చదివింది, ఇంట్లో చీటీల లెక్క పైసాతో సహా ఆమె చేతుల్లోనే ఉంటుంది. నీకు పద్ధతి ఎక్కువ, ఈ పని నీకే సరిపోతుంది అన్నా. అయితే జీతం ఎంత అని అడిగింది.


బీడీకట్ట_బిడ్డ

పిల్లగాడికి ఇచ్చినంత ఇవ్వండి అన్నా. గడువు దాటిన డబ్బాలు మిగలకపోతే వచ్చే ఏడు పెంచండి.